చూరుకి ముక్కు, కొప్పుకి నోరు

ఆయన నన్ను మూడుసార్లు కొట్టాడు. నేను ఆయన్ని ఒక్కసారే కొట్టాను. ఆయన కొట్టిన దెబ్బలు మర్నాటికల్లా మాయమయ్యాయి. నేను కొట్టిన దెబ్బ ఆయన పోయేదాకా మానలేదు. ఈ మే నెలలో ఆయన పోయాడు. అప్పటి నుంచీ ఈ సంగతి ఎవరికైనా చెప్పాలని ఉంది. చెబితే నమ్మేవాళ్లు లేరు. నిచ్చెన మీంచి తనే పడ్డానని ఆయన ఊరంతా చాటుకుని మరీ పోయాడు.

భిలాయిలో మరోదా వైపు ఆయన్ని అందరూ కన్నాల మావయ్య అనేవారు. హిందీవాళ్లకి ఛేద్‌వాలే చాచా. ఇళ్ల కప్పులకి కన్నాలు పెట్టడం ఆయన పని. అదేం పని అని నవ్వకండి. మే నెలలో ఇక్కడ సిమెంటు రేకుల కింద ఒక్క మధ్యాహ్నం పడుకున్నవాడెవడూ నవ్వడు. రేకు రోజంతా ఎండని తాగుతుంది. రేకుకీ కింద వేసుకున్న సీలింగుకీ నడుమ ఉన్న జాగాలో ఆ వేడంతా చేరుతుంది. పోవడానికి దారి లేక, పొద్దుపోయాక కూడా మన నెత్తి మీదే కూర్చుంటుంది. దానికి దారి చూపించేవాడు ఆయన. చూరు దగ్గర, అంటే కప్పు వచ్చి గోడ మీద ఆనే చోట, బయటి గాలి లోపలికి రావడానికి కన్నాలు. పైన కొప్పు దగ్గర, అంటే కప్పు రెండు వాలులూ కలిసే చోట, వేడిగాలి పోవడానికి కన్నాలు.

"సూరుకి ముక్కు, కొప్పుకి నోరు. రెండూ మూసీసి ఇల్లు బతకమంటే ఎలగ బతుకుతాదిరా? నీ ముక్కూ నోరూ మూసీనా ఒకపాలి?" అనేవాడు. అని ఊరుకునేవాడు కాదు, మూసి చూపించేవాడు. సిమెంటు తిని బండబారిన ఆ అరచెయ్యి ఒకసారి నా ముక్కునీ నోటినీ కలిపి మూసింది. గిలగిలా తన్నుకుని నేను కింద పడ్డాక గాని తియ్యలేదు. ఇది నేను చెప్పిన మూడు దెబ్బల్లోకి రాదు. దీన్ని ఆయన పాఠం చెప్పడం అనుకునేవాడు.

పని ఒప్పుకునే పద్ధతి కూడా అలాగే ఉండేది. కప్పు చూడడానికి రమ్మంటే పొద్దున్న చల్లపూట వచ్చేవాడు కాదు. మధ్యాహ్నం రెండింటికి వచ్చేవాడు. నిచ్చెన వేసి, సీలింగులో మనిషి దూరేపాటి పలక తీసి, ఇంటి యజమానిని ముందు ఎక్కమనేవాడు. యజమాని మర్యాదకి పోయి ఎక్కేవాడు. లోపల దూలం మీద కూర్చున్నాడో లేదో, పలక మూసేసి, నిచ్చెన లాగేసేవాడు.

"నూరు లెక్కెట్టు. తెలుగోడివైతే తెలుగులో లెక్కెట్టు. అయినాక తీస్తాను."

లోపలి నుంచి బాదుడు, అరుపులు, బూతులు. ఈయన కింద బీడీ ముట్టించేవాడు. నూరు దాకా వెళ్లినవాడు ఒక్కడూ లేడు. రిటైరైన ఫోర్‌మన్ ఒకాయన అరవై మూడు దగ్గర దేవుణ్ణి పిలవడం మొదలెట్టాడట. ఇంకొకాయన ఇరవై దాటకుండానే పెళ్లానికి చెప్పని సంగతులన్నీ గట్టిగా ఒప్పేసుకున్నాడట. ఇవి మావయ్య చెప్పినవే, ఇందులో సగం కోసెయ్యండి. దిగినవాడు చెయ్యెత్తేవాడు, ఈయనా ఎత్తేవాడు. చొక్కాలు చిరిగేవి. మొహం కడుక్కుని, నీళ్లు తాగి, అదే యజమాని "పని ఎప్పుడు మొదలెడతావు మావయ్యా?" అని అడిగేవాడు.

పని మొదలెట్టే ముందు చర్చిలో మిగిలిన మైనపువత్తి ముక్క ఒకటి తెచ్చి దూలం మీద నిలబెట్టేవాడు. సాయంత్రానికి అది నడుం వంచి, తల దూలానికి ఆనించి ఉండేది. "సూడు, నీకు దండం ఎడతంది. వొగ్గీమంతంది" అని ఇంటావిడని పిలిచి చూపించేవాడు. పని పూర్తయ్యాక అగరొత్తి. చూరు కన్నం దగ్గర వెలిగించి పెట్టి, గొంతుక్కూర్చుని చూసేవాడు. పొగ లోపలికి పోయి, కాసేపటికి పైన కొప్పులోంచి బయటపడితే పని అయినట్టు. పొగ అక్కడక్కడే తచ్చాడిందా, తను పెట్టిందంతా తనే పగలగొట్టి మళ్లీ పెట్టేవాడు.

ఉతై రోడ్డులో ఆయనవి రెండు రేకుల గదులు. సీలింగు లేదు, రేకులే కప్పు. అక్కడ కూడా ప్రతి ఆదివారం చర్చి నుంచి వచ్చి, గది నడిమధ్యన ఒక అగరొత్తి వెలిగించి, అది నిటారుగా లేచి కొప్పులోకి పోయేదాకా అన్నం తినేవాడు కాదు. క్రైస్తవుడి ఇంట్లో అగరొత్తి ఏమిటని సంఘం పెద్దలు నిలదీశారు. "నాను దేవుడికి ఎట్టలేదు బావూ, రేకుకి ఎట్టినాను" అన్నాడు. వాళ్లు నవ్వలేదు గాని మళ్లీ అడగలేదు.

కన్నాలు మూసేవాళ్లంటే ఆయనకి ఒళ్లు మండేది. ఇక్కడ మూసేవాళ్లే ఎక్కువ. ఉక్కు ప్లాంటు నుంచి వచ్చే ఎర్ర దుమ్ము కదా. ఆరేసిన బట్టల మీదా, అన్నం గిన్నె మీదా, పసిపిల్ల నుదుటి మీదా పడుతుంది. ఆ దుమ్ముకి జడిసి ఆడవాళ్లు పాతచీరలు కుక్కుతారు, మగవాళ్లు సిమెంటు మెత్తుతారు. ఒకసారి మా సందులో ఒక ఇంట్లో కొత్తగా ప్లాస్టిక్ సీలింగు వేస్తున్న కుర్రాళ్లు చూరు పొడుగునా నురగ కొట్టి మూసేస్తుంటే ఈయన చూశాడు. ఆ ఇల్లు ఆయనది కాదు, ఆ పని ఆయనది కాదు. అయినా మేడ ఎక్కి, పలకలన్నీ పీకి వీధిలోకి విసిరేశాడు.

"అరే చాచా, పాగల్ హో గయే క్యా? యే డిజైన్ హై!" అన్నాడు వాళ్ల మేస్త్రీ.

"డిజైన్ నీ సమాధి మీద ఎట్టుకో!" అన్నాడు ఈయన తెలుగులోనే. వాళ్లు ముగ్గురు, ఈయన ఒక్కడు. అల్యూమినియం బద్దలతో వీపు చీరేశారు. ఈయన ఒకడి చేతిని కొరికి పట్టుకున్నాడు. నలుగురం కలిసి దవడలు విడదీయాల్సి వచ్చింది. పోలీసు థానాకి తీసుకెళ్తే ఈయన అక్కడి కప్పు వంక చూస్తూ దీనికి కన్నాలు లేవని హవల్దారుకే చెప్పబోయాడని, అందుకే తొందరగా వదిలేశారని అంటారు.

నేను పుట్టింది, పెరిగింది ఇక్కడే. వెల్డింగు షాపులో పని. నా తెలుగుకి ఎక్కడపడితే అక్కడ హిందీ అతుకులు. అందుకే నేను కనిపిస్తే ఆయన "ఏటి భయ్యా, కైసా ఉన్నావు?" అని వెక్కిరించేవాడు. ఆయనా మా నాన్నా బొబ్బిలి పక్క ఊళ్ల నుంచి ఒకే రైల్లో వచ్చినవాళ్లు. ప్లాంటులో ఒకే ముఠాలో పని చేశారు. కొలిమి పూర్తిగా ఆరకముందే తడిగోనెలు కప్పుకుని లోపలికి దిగి, కాలిపోయిన ఇటుక పీకి కొత్త ఇటుక పేర్చే పని. తరవాత నాన్న పర్మనెంటు అయ్యాడు, ఈయన ఠేకేదారు కిందే కాంట్రాక్టు కూలీగా ఉండిపోయాడు. ఆ రోజు నుంచీ ఇద్దరికీ ఉప్పూ నిప్పూ. నాన్న ఈయన్ని కన్నపుదొంగ అనేవాడు. ఈయన నాన్నని ఏమనేవాడో రాయడం బాగుండదు.

రిటైరయ్యాక నాన్న మా డాబా మీద ఒక రేకుల గది వేసుకున్నాడు. కిటికీలోంచి ప్లాంటు పొగగొట్టాలు కనిపించాలని ఆయన కోరిక. తుక్కు వేలంలో ఫర్నేసు దుప్పటి కొనుక్కొచ్చాడు. కొలిమి గోడకి కప్పే, నిప్పుకి కాలని తెల్లటి దూది దుప్పటి అది. ప్లైవుడ్డు సీలింగు మీద రెండు వరసలు పరిచాడు. మిగిలినదాన్ని దుమ్ము రాకుండా చూరు సందుల్లో ఎక్కడా వేలు దూరనంత గట్టిగా కుక్కాడు. కొప్పు అతుకులకి తారు పూశాడు. "ఫర్నేసు దుప్పటి కప్పుకున్న ఇల్లు భిలాయి మొత్తంలో నాదొక్కటే" అని వచ్చినవాళ్లందరికీ చెప్పేవాడు. కొలిమి దగ్గర బతికినవాడికి తప్ప ఇంకొకడికి ఆ తప్పు చెయ్యడం చేతకాదు.

ఆ మరుసటేడు నాన్నకి పక్షవాతం వచ్చింది. కుడివైపు పడిపోయింది. మాట ముద్దయిపోయింది. కిందికి దింపుతామంటే ఎడం చేత్తో మంచం కోడు పట్టుకుని వదల్లేదు. ఆ వేసవిలో ఆ గది పెనంలా ఉండేది. పొద్దుటికి నాన్న పెదాలు ఎండి పగిలి ఉండేవి. నా భార్య రోజూ పోరేది. చివరికి నేనే వెళ్లి మావయ్యని పిలిచాను.

ఆయన మధ్యాహ్నం రెండింటికి వచ్చాడు. నన్ను పైకి ఎక్కించాడు, పలక మూశాడు. నాకు ముందే తెలుసు, అయినా తెలిసి ప్రయోజనం లేదు. అక్కడ ఉన్నది గాలి కాదు. ముక్కు లోపల కాలింది. చెమట పట్టినట్టే పట్టి ఎగిరిపోయింది. చీకట్లో రేకు మేకులు టిక్కుటిక్కుమంటున్నాయి. ముప్పై ఎనిమిది దగ్గర కాళ్లతో పలక తన్నేశాను.

కిందికి దిగగానే చెంప పగిలింది. అది మొదటి దెబ్బ. "అడ్‌తీస్ ఏట్రా, అడ్‌తీస్? ముప్పై ఎనిమిది అననేవా?" నేను హిందీలో లెక్కపెట్టానని నాకు అప్పుడు తెలిసింది.

"దుప్పటి వేసింది కదా మావయ్యా, వేడెందుకు వస్తంది?" అన్నాను చెంప రుద్దుకుంటూ. రెండో చెంప మీద రెండోది.

"కొలిమికి దుప్పటి ఎందుకు కప్పుతార్రా? లోపలున్న ఏడి పోకుండా! దుప్పటి తప్పు కాదు. దాని మీద గాలి ఆడాల. మీ అయ్య దాన్ని సూర్లో కుక్కీసినాడు, కొప్పుకి తారు పూసీసినాడు. ఇంక ఆ ఏడి ఎటు పోతాది? ఈ ఎండకి మీ అయ్య ఉడుకుతాడు, అంతే. వానలొచ్చినాక సూడు. రేకుకి సెమట పడతాది. ఆ సెమట దుప్పట్లోకి దిగుతాది. ఆరడానికి గాలి నేదు. తడిసిన దుప్పటి ఎంత బరువుంటాదో ఎరుగుదువా? సచ్చిపోతాడ్రా మీ అయ్య దాని కింద!"

నాన్న అంతా విన్నాడు. ఎడం చేత్తో పక్కనున్న స్టీలు గ్లాసు తీసి విసిరాడు. అది మావయ్య కనుబొమ్మకి తగిలి నెత్తురు చిమ్మింది. మావయ్య తుడుచుకోలేదు. గ్లాసు ఏరుకుని, కుండలోంచి నీళ్లు ముంచుకుని తాగి, మళ్లీ నాన్న చేతికి అందేచోట పెట్టాడు. "ఇసర్డానికి బలం ఉన్నాదంటే బతుకుతాడు" అని నాతో చెప్పి, మెట్లు దిగి వెళ్లిపోయాడు.

నేను ఏమీ చెయ్యలేదు. నాన్న మాట కాదనలేక అని అప్పుడు అనుకున్నాను. నిజం చెప్పాలంటే బద్ధకం. నాన్న కట్టింది పీకితే ఇంట్లో జరిగే గొడవకి భయం. జూలైలో సీలింగు మీద గోధుమరంగు మచ్చ తేలితే తెల్లరంగు డబ్బా తెచ్చి దాని మీద పూశాను. నాన్న చూసి తల ఊపాడు.

ఆగస్టులో వారం రోజులు ఎడతెగని ముసురు. ఒక మధ్యాహ్నం నాన్నకి అన్నం తినిపిస్తున్నాను. వీధి తలుపు దభీమని తెరుచుకుంది. మెట్ల మీద అడుగుల చప్పుడు. మావయ్య తడిసి ముద్దై, చేతిలో గునపంతో గుమ్మంలో నిలబడ్డాడు. బజార్లో నా భార్య ఆయన భార్యతో "మా సీలింగుకి బొజ్జ వచ్చింది అత్తా" అని నవ్వుతూ చెప్పిందట. ఆ మాట చెవిన పడగానే కూటి ముందు నుంచి లేచి పరిగెత్తుకు వచ్చాడు. ఇదంతా నాకు తరవాత తెలిసింది.

అప్పుడు నాకు కనిపించింది వేరు. ఆయన పైకి ఒకసారి చూశాడు. గునపం గుమ్మంలో పారేశాడు. నన్ను పక్కకి తోసి, నాన్న చంకల కింద చేతులు వేసి, మంచం మీంచి ఈడ్చాడు. నాన్న తల కోడుకి కొట్టుకుంది. నాన్న సగం నోటితో అరిచిన అరుపు ఇప్పటికీ నా చెవుల్లో ఉంది. నేను అడ్డం పడ్డాను. వెనక్కి విసిరిన చెయ్యి నా ముక్కు మీద తగిలి గోడకి పడ్డాను. అది మూడో దెబ్బ. ముక్కులోంచి నెత్తురు నోట్లోకి వచ్చింది. పాత పగ తీర్చుకోడానికి వచ్చి, లేవలేని మనిషిని చంపుతున్నాడనుకున్నాను. ఒట్టేసి చెబుతున్నాను, అలాగే అనుకున్నాను. గుమ్మంలో గునపం కనిపించింది. రెండు చేతులతో ఎత్తి ఆయన కుడి భుజం మీద కొట్టాను.

ఎండుకట్టె విరిగినట్టు చప్పుడైంది. ఆయన మోకాళ్ల మీద పడ్డాడు. కుడిచెయ్యి వేలాడిపోయింది. కానీ ఎడంచెయ్యి నాన్న చొక్కాని వదల్లేదు. మోకాళ్ల మీదే వెనక్కి జరుగుతూ, ఒంటిచేత్తో నాన్నని గుమ్మం దాటించి, మెట్ల దగ్గరి వసారాలోకి లాక్కెళ్లాడు. నేను గునపం పట్టుకుని అలాగే నిలబడ్డాను. ఇంకో దెబ్బ వెయ్యాలా వద్దా అని ఆలోచిస్తున్నాను. అంతటి పశువుని.

ఆయన లేచి వచ్చి ఎడంచెయ్యి చాపాడు. ఏమనుకున్నానో తెలీదు, గునపం ఇచ్చేశాను. గుమ్మంలోనే నిలబడి, గునపం మొనతో సీలింగు బొజ్జని ఒక్కసారి పొడిచాడు.

మొత్తం దిగింది. ప్లైవుడ్డు, పుచ్చిపోయిన చట్రాలు, నల్లగా బూజు పట్టిన దుప్పటి, బిందెలకొద్దీ నీళ్లు. మంచం రెండు కోళ్లు విరిగి చదునైపోయింది. నాన్న తల ఉన్నచోట దూలం ముక్క ఒకటి మేకులతో సహా దిగబడి ఉంది. అన్నం కంచం ఎక్కడుందో కనిపించలేదు. కుళ్లిన కంపు ఇల్లంతా కమ్మింది.

మావయ్య వెళ్లి నాన్న పక్కన చతికిలబడ్డాడు. నాన్న ఆయన మొహం వంక చాలాసేపు చూసి, పక్షవాతం వచ్చాక మొదటిసారిగా ఒక మాట స్పష్టంగా అన్నాడు. అది బూతు. మావయ్య పకపకా నవ్వాడు. నవ్వుతూనే ఏడ్చేశాడు, భుజం నొప్పికో ఇంకెందుకో. నాన్న ఎడంచెయ్యి ఆయన మోకాలి మీద పడి ఉంది, తీసుకోలేదు.

ఆసుపత్రిలో డాక్టరు ఏమైందని అడిగితే "నిచ్చెన మీంచి పడ్డాను" అన్నాడు. నేను నోరు తెరవబోయాను. "నోర్ముయ్యిరా. ముసలోడి కాళ్లు జారినాయి, నీకేటి?" అని కసిరాడు.

కట్టు విప్పాక చూస్తే చెయ్యి రొమ్ము దాటి లేవలేదు. కప్పు పనిచేసేవాడికి చెయ్యి తలపైకి లేవకపోతే ఇంకేం మిగిలింది? మా గది కప్పు మళ్లీ వేసింది నేనే. ఆయన చేతిని మెడకి జోలెలా కట్టుకుని కింద నిలబడి తిడుతూ ఉండేవాడు. "మేకుల వరస మీద కాలెయ్యి, దాని కిందే దూలం ఉంటాది! రేకు నడిమిన అడుగేసినావంటే నేరుగా మీ అయ్య ఒళ్లో పడతావు!" అన్ని కన్నాలూ నేనే కోశాను. చివర్న అగరొత్తి కూడా నాతోనే పెట్టించాడు. ఆ కప్పు కింద నాన్న ఇంకో నాలుగు వేసవులు బతికాడు. నేను వేరే ఇళ్ల పనులకి కూలివాళ్లని కుదిర్చి పెట్టాను గాని ఆయన నోటికి ఎవడు నిలుస్తాడు? ఏడాది తిరిగేసరికి పిలిచేవాళ్లు తగ్గిపోయారు.

నాన్న పోయాక నేను ఆయన ఎదురుగా పడడం మానేశాను. బజార్లో కనిపిస్తే సందు మార్చేవాణ్ణి. ఆయన ఆ చేతిని చొక్కా గుండీల మధ్యన దోపుకుని నడిచేవాడు. ఎవరైనా "పాపం, నిచ్చెన మీంచి పడ్డాడు" అంటే నేను గుమ్మడికాయల దొంగలా భుజాలు తడుముకునేవాణ్ణి. ఒక్కసారి వెళ్లి కాళ్ల మీద పడి ఉంటే సరిపోయేది. పోలేదు. అది సిగ్గు అనుకున్నాను. కాదు, పిరికితనం.

ఈ మేలో కబురు వచ్చింది. వెళ్లేసరికి మధ్యాహ్నం అయింది. ఆ రేకుల గదిలో ఐసు దిమ్మల మీద పడుకోబెట్టారు. జనం కిక్కిరిసి ఉన్నారు. పాస్టరుగారు ప్రార్థన చేస్తున్నారు. తలవైపు కొవ్వొత్తులు, పక్కింటి హిందువులెవరో పెట్టిన అగరొత్తులు. నేను గోడకి ఆనుకుని నిలబడ్డాను. గోడ వీపుని కాల్చింది. మొదట కొవ్వొత్తుల వంక చూశాను. ఒకటి నడుం వంచుతోంది. తరవాత అగరొత్తి పొగ వంక చూశాను. మనిషెత్తు దాకా లేచింది. అక్కడ ఆగింది. చాపలా పరుచుకుని, మెల్లగా కిందికి దిగి, అందరి కళ్లలో పడుతోంది. వాళ్లంతా ఏడుస్తున్నారనుకున్నాను.

తలెత్తి చూశాను. కొప్పు కింద ఆయన తన చేత్తో కోసిన కన్నాలు. ఒక్కదాంట్లోంచీ వెలుతురు రావడం లేదు. వాటికి బిగించిన ఇనప జాలీల నిండా ఎర్ర దుమ్ము అట్టగట్టి, మీద పిచ్చుక గూళ్లు.

అత్త, అంటే ఆయన భార్య, గుమ్మం దగ్గర కూర్చుని ఉంది. పక్కన గొంతుక్కూర్చున్నాను. "అత్తా, ఆ కన్నాలు ఎప్పటినుంచి మూసుకుపోయాయి?"

"సెయ్యి పోయిన కాణ్ణించీ ఎవులు ఎక్కినారు బావూ? ఏటేటా ఎండలకి ముందు తనే ఎక్కి సీపురెట్టి దులిపీవోడు. ఇప్పుడు మంచం మీద తొంగుని దాని కేసి సూసి తిట్టీవోడు. ఎవుల్నేనా పిలుద్దారంటే, ఎవుడెక్కినా నాలాగ సెయ్యడు అనీవోడు." కొంగుతో మొహం తుడుచుకుంది. "డాక్టరు ఎండదెబ్బ అన్నాడు. గడప దాటని మనిషికి ఎండదెబ్బేటి బావూ?"

"నన్ను పిలవకపోయావా అత్తా?" అన్నాను.

"పిలుస్తానన్నాను. వొద్దన్నాడు. ఆ గుంటడు నా సెయ్యి కేసి సూణ్ణేడే, ఎందుకు ఆడ్ని ఏడిపించడం, అన్నాడు."

ఆవిడకి తెలుసు. ఆవిడ మొహం చూస్తే అర్థమైంది, మొదటి నుంచీ తెలుసు. తలుపు మూలన గునపం ఉంది. అదే గునపం. తీసుకున్నాను. పెరట్లో గోడకి వేసిన నిచ్చెన ఎక్కుతుంటే ఎవడో నా కాలు పట్టుకున్నాడు. "భయ్యా, క్యా కర్ రహే హో? మట్టీ కా ఘర్ హై!" శవం ఉన్న ఇల్లని గుర్తుచేస్తున్నాడు. తన్నాను. ఎక్కడ తగిలిందో చూడలేదు. మేకుల వరస మీద అడుగులు వేసుకుంటూ కొప్పు దాకా పాకి, మొదటి జాలీ మీద కొట్టాను. చేతికొద్దీ కొట్టాను. ఊడి లోపల పడింది. లోపల జనం అరిచారు. రెండోది, మూడోది. గూళ్లు, ఈకలు, ఏళ్ల నాటి ఎర్ర దుమ్ము పాస్టరుగారి మీదా, మావయ్య మీద కప్పిన తెల్లగుడ్డ మీదా రాలాయట. కింద నుంచి నన్ను తిడుతున్నారు, దిగమంటున్నారు. నిచ్చెన ఎక్కబోతున్న వాళ్లని అత్త నిలవేస్తున్న గొంతు వినిపించింది.

"కొట్టనీండి! ఆడ్ని కొట్టనీండి!"

ఆఖరి జాలీ ఊడాక గునపం పక్కన పెట్టి, ఆ కన్నం మీద మొహం పెట్టాను. ముందు వేడి వచ్చింది, మొహం మాడిపోయేంత వేడి. దాని వెనక, కాసేపటికి, అగరొత్తి వాసన. తరవాత సన్నగా పొగ. నిటారుగా నా ముక్కు పక్కనుంచి లేచి పైకి పోయింది.

అప్పుడు టైము రెండు దాటింది. రేకు మీద మోకాళ్లు కాలుతున్నాయి. అరచేతులు బొబ్బలెక్కుతున్నాయి. కింద ఎవరో నా పేరు పెట్టి పిలుస్తున్నారు. నేను దిగలేదు. ఒకటి, రెండు, మూడు అని బయటికే మొదలెట్టాను. ముప్పై ఎనిమిది దగ్గర నోరు తడబడింది. ముప్పై ఎనిమిది అనే అన్నాను. నూరు అయ్యాక దిగాను.